ఏసీలో కొసరు

ఆ రోజుల్లో కామారెడ్డిలో కొత్తగా మాల్ తెరిస్తే ఊరంతా ఎగబడ్డాం. కొనడానికి కాదు, చల్లగాలికి. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకోవడం చూసి, భక్తితో చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లినవాళ్లూ ఉన్నారు (అందులో మా మేనమామ ఒకరు. తిరిగొచ్చేసరికి చెప్పులు లేవు. మాల్ మీద ఆయనకు ఆ కోపం ఇంకా పోలేదు). అలాంటి చోట, డిగ్రీ చదివి ఊరికే తిరుగుతున్న నాకు కూరగాయల విభాగంలో ఉద్యోగం దొరికింది. మెడకు టై, ఛాతీ మీద పేరున్న బిళ్ల. కొన్నాళ్లు పని చూసి, నచ్చితే పర్మినెంట్ చేస్తామన్నారు.

ఎల్లారెడ్డి వారపు అంగడిలో కూరగాయలమ్మే మా అవ్వ (మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తాం) ఈ సంగతి అంగడంతా చాటింది. "మా పెద్దోడు ఏసీల కూసోని అమ్ముతుండు. ఎండ లేదు, వాన లేదు" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పింది. నిజానికి కూర్చోవడానికి స్టూలు కూడా ఉండేది కాదు. ఆ ముక్క ఆమెకు చెప్పలేదు. పర్మినెంట్ కాగానే ఆమెను అంగడి మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానని మాటిచ్చాను మరి.

మా మేనేజరు పొద్దున్నే అందరినీ వరసగా నిలబెట్టి పళ్లు కనిపించేలా నవ్వించేవాడు. అందుకే ఆయన మాకు స్మైల్ సారు. మా అవ్వ ఆకుకూరల మీద నీళ్లు చల్లితే బరువు పెంచుతోందని తిట్టిన జనమే, స్మైల్ సారు మిషనుతో చల్లితే "ఎంత ఫ్రెష్షో!" అని ఫొటోలు దిగేవారు. అంగడిలో ఉచితంగా సంచిలో పడేసే కరివేపాకు ఇక్కడ ప్లాస్టిక్ పెట్టెలో, ధర చీటీ అంటించుకుని, పెళ్లికూతురిలా కూర్చునేది.

మొదటి రోజే ఒక పెద్దావిడ చిక్కుడుకాయలు తూయించుకుంది. చీటీ అంటించి సంచి చేతికిచ్చాను. ఆమె కదల్లేదు. సంచి నోరు తెరిచి పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది. అంగడిలో పెరిగినవాడికి ఆ చూపుకు వేరే అర్థం చెప్పాలా? నన్నడగకుండానే నా చెయ్యి ఒక పిడికెడు చిక్కుళ్లు తీసి ఆ సంచిలో వేసేసింది.

అంతే, "గా టై కట్టిన పిలగాడు కొసరేస్తుండట" అన్న కబురు పక్కనున్న రాజంపేట దాకా పోయింది. నా ముందు బారులు మొదలయ్యాయి. స్మైల్ సారు ఆ బారులు చూసి, అదంతా తాను నేర్పిన నవ్వు మహిమే అనుకున్నాడు. మిగతావాళ్లను పిలిచి "ఇతన్ని చూసి నేర్చుకోండి, ఎంత బాగా నవ్వుతున్నాడో!" అనేవాడు (నేను నవ్వడం లేదు, భయంతో పళ్లు బయటపడ్డాయి). చివరికి నన్ను పర్మినెంట్ చేస్తున్నట్టు అందరి ముందూ ప్రకటిస్తానన్నాడు.

ఆ ప్రకటన రోజున అవ్వను రమ్మన్నాను. కొత్త చీర కట్టుకుని ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చింది. వచ్చి, నన్ను పలకరించకుండా నేరుగా కొనేవాళ్ల వరసలో నిలబడింది. కొడుకు తూకం ఎలా ఉందో చూడాలట. నా పక్కన స్మైల్ సారు నిలబడి ఉన్నాడు. కరివేపాకు పెట్టె దగ్గర అవ్వ ఆగిపోయింది.

"కల్యమాకు గుడ అమ్ముతున్నరా? గిదేం అన్యాలం!"

సారు నవ్వాడు, అది ఆయన డ్యూటీ. అవ్వ పచ్చిమిర్చి తూయించుకుంది. చీటీ అంటించాను. ఆమె సంచి నోరు తెరిచి పట్టుకుంది.

వేస్తే ఉద్యోగం పోతుంది. వేయకపోతే ఆమె అంగడిలో తలెత్తుకోలేదు.

"ఇంకేం కావాలి మేడమ్?" అన్నాడు సారు.

"కొసరు. నా కొడుకుకు ఎరికే."

అంతలో వెనక వరసంతా నాకు సాయంగా అందుకుంది. "ఏస్తడు పెద్దమ్మా, ఏస్తడు! మాకు రోజు ఏస్తనే ఉన్నడు!"

ఇక దాచేదేముంది? రెండు చేతులా దోసెడు మిరపకాయలు తీసి సంచిలో పోశాను. స్మైల్ సారు నవ్వు ఆపడం మేమంతా అప్పుడే చూశాం. "ఇది దొంగతనం!" అని అరిచాడు. అవ్వ ఊరుకుంటుందా?

"దొంగతనమేంది సారూ? ఒకటి కొంటె ఒకటి ఉట్టిగ అని గంత పెద్ద బోర్డు పెట్టినవు. నువ్విస్తె ఆఫరు, నా కొడుకిస్తె దొంగతనమా?"

సారు నా వైపు తిరిగి, టై విప్పి ఇమ్మన్నాడు.

తిరుగు బస్సులో తల ఎత్తలేకపోయాను. "నిన్ను అంగడి మాన్పిస్తనంటి గదనే అవ్వా" అంటుంటే నిజంగానే ఏడుపొచ్చింది.

"మానుకుంట అని నీకు నేనెప్పుడన్న చెప్పిన్నా బిడ్డా?" అంది అవ్వ. తర్వాత సంచి విప్పి చూసి, నా నెత్తిన ఒక్కటి మొట్టింది. "కొసరంటె పిడికెడుర. గిట్ల దోసిళ్లతోని పోస్తె ఏ దుకాణం నడుస్తది? ఆ సారు నిన్ను ఎల్లగొట్టుడే మంచిగైంది."

కొంతకాలానికి అదే మాల్ ముందు "కొసరు ఉత్సవం" అని బోర్డు వెలిసింది, కింద చీమ తలంత అక్షరాల్లో షరతులతో. ఇప్పుడు నేనూ అక్కడే కొంటున్నాను. ఎండలో అంగడి తిరిగే ఓపిక లేదు (అవ్వకు చెప్పకండి, ఆమె ఇంకా అదే అంగడిలో గోనెపట్టా మీద కూర్చుని అమ్ముతోంది). మొన్న టమాటాలు తూయించుకుని, చీటీ అంటించాక కూడా సంచి నోరు తెరిచి నిలబడ్డాను. టై కట్టుకున్న అమ్మాయి నా మొహంలోకి చూసింది. ఏ అంగడి పిల్లో ఏమో, ఆమె చెయ్యి టమాటాల వైపు కదిలింది.

"వద్దమ్మా" అని గబగబా సంచి మూసేసుకున్నాను. పాపం, ఇంకా పర్మినెంట్ అయిందో లేదో!