బ్యాగు ఎవరిది?

మెటియాబ్రుజ్ వెళ్లే బస్సులో డోరు పక్కనే కూర్చున్నాను. పక్క సీట్లో లాప్‌టాప్ బ్యాగు పెట్టి, ఈ బెంగాలీ ఊళ్లో ఎవరికీ అర్థం కాదులే అని, ఫోన్‌లో మా జూనియర్‌తో తెలుగులో గట్టిగా మాట్లాడుతున్నాను. మా కంపెనీ పనులు నడిపే సర్వర్ కంప్యూటర్లు కొన్ని ఆఫీసు గదిలో ఉంటాయి, మిగతావి క్లౌడ్‌లో, అంటే బయటి కంపెనీ దగ్గర అద్దెకు. ఆ అద్దె తగ్గించమని పైవాళ్లు నన్ను పీక్కు తింటున్నారు.

ఒక పెద్దావిడ వచ్చి పక్కన నిలబడింది. నేను కిటికీ వైపు తిరిగాను.

"ఎవరిదో తెలియని సర్వర్‌ని ఆపెయ్. ఎవరినీ అడగొద్దు. కావలసినవాళ్లే అరుస్తారు. అరవకపోతే తీసేద్దాం," అన్నాను ఫోన్‌లో.

ఫోన్ పెట్టేసి చూస్తే, బ్యాగు ఉండాల్సిన చోట ఆవిడ కూర్చుని ఉంది.

"నా బ్యాగేది?" అని అరిచాను. బస్సంతా నావైపు చూసింది.

ఆవిడ తలుపు వైపు వేలు చూపించింది. బ్యాగు మెట్టు అంచున, దిగేవాళ్ల కాళ్ల మధ్య ఉంది.

"నీదేనేటి బాబూ? ఎవులిదో తెలీక అక్కడెట్టినాను. కావాలంటే అరుత్తారు కదా అని."

"రోడ్డు మీద పడిపోతే ఏం చేసేవారు?"

"అరిసినావు కదా," అంది. నవ్వలేదు.

దిగేదాకా బ్యాగు ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇప్పుడు ఏ సర్వర్ ఆపాలన్నా ముందు అందరినీ అడగమంటున్నాను. ఆవిడ మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు.