కండక్టర్ బాబాయి పోగొట్టుకున్న నాలుక

మా కండక్టర్ బాబాయి తన నాలుక చచ్చిపోయిందని ఊరంతా చెప్పుకు తిరిగేవాడు. అంటే మాట పడిపోయిందని కాదు. మాటలకేం లోటు లేదు, మా వీధికి సరిపోగా పక్క వీధికి పంచేటన్ని ఉన్నాయి. పోయిందల్లా రుచేనట. ఎప్పుడో వచ్చిన జ్వరం తగ్గుతూ తగ్గుతూ రుచిని కూడా వెంటబెట్టుకు పోయిందని ఆయన కథనం. అందుకని రోజూ సాయంత్రం ఎర్ర కాగితం చుట్టిన చాక్లెట్ బారొకటి జేబులో వేసుకుని బయల్దేరేవాడు. ఎవరో ఒకరి చేతిలో ముక్క పెట్టి, వాళ్లు నమిలి మింగేదాకా కళ్లార్పకుండా నిలబడి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు.

ఆ బారు తెలియనివాళ్లు ఉండరు. మూలమీది కొట్టులోనూ దొరుకుతుంది, రైల్వే ప్లాట్‌ఫారం మీదా దొరుకుతుంది. పైన పల్చటి చాక్లెట్ పొర, లోపల మడతలు మడతలుగా బిస్కెట్ రేకులు, రేకుల మధ్య వేరుశనగ ముద్ద. ఒకప్పుడు బొటనవేలంత లావుండేది. ధర అలాగే ఉంచి బారును చిటికెన వేలంత చేశారు. కాగితం మాత్రం పాత సైజే. పెద్ద జబ్బు చేసి లేచినవాడికి పాత చొక్కా తొడిగినట్టుంటుంది.

"బాగుంది" అంటే బాబాయి ఒప్పుకునేవాడు కాదు. వాచ్‌మన్ అలా అని తప్పించుకోబోతే పట్టుకున్నాడు. కొత్త బకెట్టు కూడా బాగుంటుంది, అది కాదు, పంటి కింద ఏం జరిగిందో చెప్పమన్నాడు. పాపం వాచ్‌మన్ ఇంకో ముక్క నమిలి, "మొదట బిర్రుగా ఉంటుంది సార్, కాసేపటికి కరుగుతుంది. మా ఓనరులా కాదు" అన్నాడు. సెలూన్ ఆయన కళ్లు మూసుకుని, రేకు విరిగితే కొత్త కత్తెర ఆడించినట్టుందన్నాడు. ఆ మాటను బాబాయి వీధి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా మోశాడు.

నేను కార్మిక సంఘం ఆఫీసులో పనిచేస్తాను. నా వంతు వచ్చినప్పుడు, కంపెనీవాడు ముద్ద తగ్గించి గాలి నింపి అమ్ముతున్నాడనీ, జీతాల దగ్గరా అదే తెలివి చూపిస్తాడనీ మొదలుపెట్టాను. "అమ్మాయ్, రుచి అడిగాను, మీటింగు పెట్టమనలేదు" అని, రెండో ముక్క ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

మేముండేది ఒంటి గదుల మేడ. గదికొక మనిషి, మనిషికొక తాళం. మెట్ల మీద ఎదురుపడితే గోడవైపు తప్పుకుంటాం, అదే మా పలకరింపు. గోడలు పల్చన కాబట్టి ఎవరు దగ్గుతున్నారో మేడంతటికీ తెలుస్తుంది. ఎందుకు దగ్గుతున్నారని వెళ్లి అడిగేవాళ్లే ఉండరు. బాబాయి ఉన్న మూడో అంతస్తులో రేడియో ఒక్కటే రోజంతా మాట్లాడుతూ ఉంటుంది, దానికి ఆయన మధ్యమధ్య జవాబు చెబుతూ ఉంటాడు.

కింది అంతస్తులో కాలర్ల పిన్ని ఉండేది. చొక్కాల ఫ్యాక్టరీలో వయసంతా కాలర్లు కుట్టింది, ఆ పేరే మిగిలింది. ఫ్యాక్టరీవాళ్లు కాలర్లు కుట్టే యంత్రం తెచ్చి, కాలర్లు కుట్టే ఆడవాళ్లను గేటు బయట పెట్టారు. ఇంతకాలం మెడలు వంచి కుట్టినవాళ్లకు పంపేటప్పుడు ఒక మాటైనా చెప్పలేదు. మిగతావాళ్లు ఏడ్చారు, తిట్టారు, మాతో కలిసి గేటు ముందు కూర్చున్నారు. పిన్ని మాత్రం గదికొచ్చి గడియ పెట్టుకుంది. మళ్లీ బయటికి రాలేదు. ఆ గదిలో గిన్నె చప్పుడు కూడా వినిపించడం మానేసింది.

సంఘం తరఫున సరుకుల సంచీ పట్టుకెళ్లాం. తలుపు నాలుగు వేళ్ల సందు తెరిచి, "నేను సంఘానికి చందా కట్టినదాన్ని. చెయ్యి చాపేదాన్ని కాదు" అని మూసేసింది. సంచీ మళ్లీ మోసుకొచ్చాం. తిండి మానేసి ఆ నాలుగు గోడల మధ్య ఒక్కతే ఏమైపోతుందోనని నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు బాబాయి వెళ్లి తలుపు తట్టాడు. తనకు నాలుక లేదనీ, ఇది కాస్త తిని ఎలా ఉందో చెబితే చాలా మేలు చేసినట్టనీ బతిమాలాడు. అదే సందులోంచి ఒక చెయ్యి వచ్చి ముక్క తీసుకుంది. తర్వాత లోపల్నుంచి ఒక గొంతు, "తీపి ఎక్కువ" అంది. తలుపు మూసుకుంది. బాబాయి మెట్లన్నీ ఈలవేసుకుంటూ ఎక్కాడు.

ఆ తర్వాత ఆయన తెలివి చూడాలి. తీపి సరిపోయిందని సెలూన్ ఆయన అన్నాడని వెళ్లి పిన్నికి చెప్పాడు. తలుపు సగం తెరుచుకుంది. "ఆయనకేం తెలుసు, కత్తెర తప్ప?" ఇంకో రోజు రేకులు భలే సమంగా ఉన్నాయని వాచ్‌మన్ తీర్పు చెప్పాడన్నాడు. ఆ వారం వాచ్‌మన్ సెలవులో ఉన్నాడు. ఈసారి తలుపు పూర్తిగా తెరిచి, పిన్ని ముక్కను వెలుగుకు పట్టి చూసింది.

"ఇదీ ఒక మడతేనా? ఈ పక్క పొర అస్తరు గుడ్డంత పల్చన, ఆ పక్క కోటు గుడ్డంత మందం. మా దగ్గర ఇలాంటిది చేస్తే విప్పించి మళ్లీ కుట్టించేవాళ్లు."

అప్పట్నుంచి బాబాయి పరీక్షలు పెంచాడు. చాక్లెట్ మీద పాలు తాగితే ఎలా ఉంటుంది, రొట్టె తింటే ఎలా ఉంటుంది, అరటిపండు తింటే ఏమవుతుంది. పరీక్ష పేరు మీద పిన్ని కడుపులోకి రోజూ ఏదో ఒకటి వెళ్లేది. కుర్చీ గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం మాత్రం దాటలేదు.

ఒకరోజు బాబాయి మా ఆఫీసుకొచ్చాడు. టీ ఇచ్చాను. హడావిడిలో చక్కెరకు బదులు ఉప్పు వేశానని నాకు తెలియదు. ఒక్క గుక్కకే ఆయన ముఖం పిండిన గుడ్డలా మెలితిరిగింది. "ఛీ, ఉప్పు" అన్నాడు.

"బాబాయ్, నీకు నాలుక లేదుగా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. ఇంకెవరూ లేరు.

"బస్సులో టికెట్ లేనివాణ్ని చూశావా అమ్మాయ్? సీట్లు ఖాళీగా ఉన్నా మూలకి నక్కి నిలబడతాడు. అదే టికెట్ ఉంటే కిటికీ పక్కనే కావాలని నాతో తగువేసుకుంటాడు. ఊరికే పెడితే ఎవరికైనా ఆ మూలే గతి. అందుకని నేను అడుగుతాను, వాళ్లు నాకిస్తారు."

"అయితే జ్వరం, రుచి పోవడం, అంతా అబద్ధమేనా?"

ఆయన కప్పును బల్ల మీద కాసేపు తిప్పాడు. "సగం. గదిలో ఒక్కణ్ణే కూర్చుని తిన్నప్పుడు నిజంగానే ఏమీ తెలియదే. మైనం నమిలినట్టుంటుంది."

నేను ఆ టీ పారబోసి ఇంకోటి పెట్టాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు బాబాయి మెట్ల మీద జారాడు, మోకాలు పట్టేసింది. మంచం దిగలేని పరిస్థితి. సాయంత్రం చూసొద్దామని వెళ్తుంటే మెట్ల మీద నా ముందు ఎవరో కమ్మీ పట్టుకుని, ఆగి ఆగి ఎక్కుతున్నారు. కాలర్ల పిన్ని. ఇస్త్రీ బట్టలు, దువ్విన జుట్టు, చేతిలో విప్పిన ఎర్ర కాగితం బారు. అంటే మూలమీది కొట్టుదాకా వెళ్లొచ్చిందన్నమాట. పలకరిస్తే ఎక్కడ వెనక్కి తిరుగుతుందోనని నేను అడుగు చప్పుడు కాకుండా వెనకే నడిచాను.

బాబాయి మంచం దగ్గర నిలబడి పిన్ని ముక్క విరిచింది. "కండక్టరుగారూ, నాకు జలుబు. నోరంతా చప్పగా ఉంది. ఇదెలా ఉందో మీరే చెప్పాలి."

"అమ్మా, నాకు నాలుక..."

"ఉంది. మొదటిరోజే మీ మీసానికి చాక్లెట్ అంటుకుని ఉంది."

సర్వీసంతా చెకింగ్ వాళ్లకు దొరకని మనిషి దొరికిపోయాడు. నావైపు చూశాడు. నేను ఫ్యాను రెక్కలు చూస్తున్నాను.

"మరి ఇన్నాళ్లూ రుచి ఎందుకు చెప్పారమ్మా?"

"పాపం ఒంటిమనిషి, మాట్లాడే దిక్కులేక నాటకమాడుతున్నాడనుకున్నాను. కాదనడం దేనికని చెప్పాను."

బాబాయి బుద్ధిగా ముక్క నోట్లో వేసుకున్నాడు. నెమ్మదిగా నమిలాడు. "రేకు మెత్తబడింది. వేరుశనగ తగ్గించారు" అన్నాడు.

"మెత్తబడడమేంటి? ఇప్పుడే మెట్ల మీద కొరికాను, కరకరలాడింది."

"జలుబన్నారుగా?"

"పోయిన మీ నాలుక తిరిగొచ్చినప్పుడు నా జలుబు తగ్గకూడదా?"

పిన్ని కుర్చీ లాక్కుని కూర్చుంది. బాబాయి దిండుకు ఆనుకుని, చెయ్యి చాచి రేడియో కట్టేశాడు. రేకు మెత్తనా, కరకరా? తప్పు కంపెనీదా, ఎండలో డబ్బా పెట్టిన కొట్టువాడిదా? వాదన తెగేలా లేదు. బారులో ఆఖరి ముక్క వాళ్లిద్దరి మధ్యా దుప్పటి మీద పడి ఉంది. తీసి నోట్లో వేసుకున్నాను.

ఎలా ఉందని నన్నెవరూ అడగలేదు.