నలుసుకో నంబరు

భూపాలపల్లి బొగ్గుబాయిలో సగం జీవితం గడిపిన మా బావ కంట్లో ఏనాడూ నలుసు పడలేదు. జనగామ మార్కెట్ యార్డు ముందు నా స్కూటర్ వెనక కూర్చొని వస్తుంటే మాత్రం, తూర్పారబడుతున్న వడ్లలోంచి ఒక పొట్టు ఎగిరొచ్చి కుడికంట్లో దూరింది. ఆయన పెట్టిన కేకకు యార్డులోని కాంటాలన్నీ ఊగి ఉంటాయి.

దగ్గర్లోని ప్రైవేటు కంటి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు యంత్రంలోంచి చూసి, నల్లగుడ్డు మీద ఉంది, చిటికెలో తీసేయొచ్చు అన్నాడు. తీయలేదు. బావ దగ్గర ఇన్సూరెన్సు కార్డు ఉండడమే మా ఖర్మ. ముందు కౌంటర్లో నలుసుకు కోడ్ నంబరు పడాలట.

అక్కడ టై కట్టుకున్న ఒక మహానుభావుడు కూర్చున్నాడు. అతని కంప్యూటర్లో నలుసులకున్నన్ని కులగోత్రాలు పెళ్లి సంబంధాల్లో కూడా ఉండవు. తెల్లగుడ్డు మీది నలుసుకు ఒక నంబరు, నల్లగుడ్డు మీదిదానికి ఇంకొకటి. ఊరికే ఆనుకుంటే ఒకటి, గుచ్చుకుంటే వేరొకటి. యంత్రంలో చూసి తీస్తే దాని హోదాయే వేరు.

"ఫారిన్ బాడీ అని రాస్తున్న," అన్నాడు.

బావకు కన్ను మూసుకుపోయినా చెవులు బాగానే ఉన్నాయి. "ఫారిన్ ఏంది తమ్మీ? గవి జనగామ వడ్లే."

బయటినుంచి వచ్చి పడిందేదైనా ఫారినేనని టై మాకు పాఠం చెప్పాడు. ఆ లెక్కన భూపాలపల్లి నుంచి దిగిన బావ కూడా ఫారినే.

అనుమతి కోసం ఎక్కడో ఉన్న ఇన్సూరెన్సు కంపెనీకి పంపాడు. వాళ్లు ఫోటో అడిగారు. పంపితే, గుచ్చుకుందా ఆనుకుందా అని అడిగారు. బావ కన్ను నలుపుకోకుండా కుర్చీని రెండు చేతులా బిగపట్టి, ఒక చెరువు నిండేంత నీరు కార్చాడు. నల్లగుడ్డుకు గీత పడితే చూపు తగ్గుతుందని, చూపు తగ్గితే బాయిలోకి దింపరని ఆయన భయం. ఆ మాట చెప్పినా టై తల ఎత్తలేదు. భయానికి కోడ్ లేదు మరి.

చివరికి నల్లగుడ్డు కోడ్ మంజూరైంది. డాక్టరు మళ్లీ చూస్తే నల్లగుడ్డు మీద ఏమీ లేదు. పొట్టు కన్నీళ్లకు కొట్టుకుపోయి పైరెప్ప కిందికి చేరింది. అది వేరే కోడ్ అని, మళ్లీ మొదటినుంచి పంపాలని టై గుమ్మంలోకి వచ్చి అడ్డం పడ్డాడు. డాక్టరుకు సిగ్గేసిందో, ఆకలే వేసిందో, రెప్ప తిరగేసి దూదిపుల్లతో ఒక్క తుడుపు తుడిచాడు. పొట్టు పుల్లకు అంటుకొని బయటికొచ్చింది. గీత పడలేదు, చూపుకేం ఢోకా లేదన్నాడు.

టై మొహం వాడిపోయింది. అనుమతి రాకముందే తీసేస్తే ఇప్పుడు ఏ నంబరు కొట్టాలని మా మీదికే వచ్చాడు.

బావ రెండు కళ్లూ తెరిచి వాణ్ని కిందినుంచి పైదాకా చూశాడు.

"గా దూదిపుల్ల మీది పొట్టు జర ఇప్పియ్యి తమ్మీ. మళ్ల లోపల పెట్టుకుంట. నీ నంబరొచ్చినంక పిలువు."