వాన రోజున ఆగని లాప్‌టాప్

2007 వేసవిలో నేను ఏలూరులో ఒక ప్రైవేటు కంప్యూటర్ సర్వీస్ సెంటరులో సీనియర్ సర్వీస్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. హోదా పేరు పెద్దదే గాని, నా కింద ఉన్నది ఒక స్క్రూడ్రైవర్ల పెట్టె, నా పైన ఉన్నది విజయవాడలో కూర్చునే సర్వీస్ మేనేజరు. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు తాడేపల్లిగూడెంలో టైపు మిషన్లు బాగుచేశాను. అవి మూలపడ్డాక, నలభై దాటిన వయసులో మళ్ళీ ఓనమాలు దిద్దుకుని కంప్యూటర్ల పని నేర్చుకున్నాను. అందుకే కాబోలు, నాకు అంతుబట్టని యంత్రం లేదన్న పొగరు కొంచెం ఉండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

మా పని ఎలా నడిచేదో ముందు చెప్పాలి. రిపేరుకు వచ్చిన ప్రతి యంత్రానికీ ఒక కాల్ షీటు రాసేవాళ్ళం. అందులో మూడు గడులు ఉండేవి: కస్టమరు చెప్పిన కంప్లయింటు, మేం కనిపెట్టిన లోపం, చేసిన పని. మూడూ నింపి, యంత్రం అప్పగించి, సంతకం తీసుకుంటే ‘కాల్ క్లోజ్’ అయినట్టు. నెలాఖరుకు ఎన్ని కాల్స్ క్లోజ్ చేశారని మేనేజరు అడిగేవాడు. యంత్రం నిజంగా బాగుపడిందా అని మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

మార్చి నెలలో అబ్రహాం అనే చేపల చెరువు రైతు ఒక పాత లాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆయనది కొల్లేరు ఒడ్డున చిన్న ఊరు. చెరువులకు మేత కొనడానికి తరచూ ఏలూరు వచ్చేవాడు. లాప్‌టాప్ ఏడేళ్ళ నాటిది, ఎవరో వాడి వదిలేస్తే వీళ్ళ చేతికొచ్చింది. “హ్యాంగ్ అవుతోందండీ” అన్నాడు. హ్యాంగ్ అంటే, తెర ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోతుంది; ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. ముందు గదిలో కాల్ షీట్లు రాసే లక్ష్మి, ఇందులో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా అని అడిగింది.

“ఏముంటాయండీ, మా అక్క ఏదో టైపు కొట్టుకుంటాదండి” అన్నాడు అబ్రహాం.

లక్ష్మి కంప్లయింటు గడిలో ఒకే ఒక్క మాట రాసింది. హ్యాంగ్.

నేను దాన్ని సోక్ టెస్టులో పెట్టాను. అంటే గంటల తరబడి ఆపకుండా నడిపించి చూడడం. మా వర్క్‌షాపు గదికి ఏసీ ఉండేది. యంత్రాన్ని ఇనుప స్టాండు మీద ఎత్తుగా పెట్టి, రెండు రోజులు నడిపాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ‘లోపం కనబడలేదు’ అని రాసి, కాల్ క్లోజ్ చేసి పంపేశాను.

పది రోజులకు అబ్రహాం మళ్ళీ వచ్చాడు. ఈసారి మెమరీ మార్చాను. లాప్‌టాప్ పొట్ట కింద చిన్న మూత ఉంటుంది. రెండు స్క్రూలు విప్పితే మెమరీ ముక్క చేతికొస్తుంది. లోపల ఫ్యాను, దాని పక్కన వేడిని బయటికి పంపే రాగి రేకులు చూడాలంటే మాత్రం మొత్తం విప్పాలి, ముప్పై దాకా స్క్రూలు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది కదా అని విప్పలేదు. ఇప్పుడు దాన్ని బద్ధకం అంటాను. అప్పుడు అనుభవం అనుకున్నాను.

మే నెల మొదట్లో లక్ష్మి లోపలికి తొంగి చూసి, “వచ్చిందండీ మీ ఆడపడుచు, మళ్ళీ పుట్టింటికి” అంది. అదే లాప్‌టాప్. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకేమీ ఆలోచించకుండా ఫార్మాట్ చేసేద్దామన్నాను. ఫార్మాట్ అంటే డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టి, అన్నీ మళ్ళీ కొత్తగా ఎక్కించడం. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే అదే. ముందుగా కాపీ తీసి పెట్టమని కస్టమరు అడిగితే తీసేవాళ్ళం, అడగకపోతే లేదు. అది సెంటరు పద్ధతి. అడగాలని కస్టమరుకు తెలియాలి కదా అన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

ఫార్మాట్‌కు ఒక ఫారం ఉండేది. డిస్కులోని సమాచారం పోయినా సెంటరుకు బాధ్యత లేదని యజమాని సంతకం చేయాలి. అబ్రహాంను చేసేయమన్నాను. లక్ష్మి అడ్డం పడింది.

“లాప్‌టాప్ వాళ్ళ అక్కగారిదండి. ఓనరు సంతకం లేకపోతే నేను రిజిస్టర్లో ఎక్కించనండి.”

“ఒక్క సంతకం కోసం మనిషిని కొల్లేరు దాకా తిప్పుతావా?” అని కసిరాను.

“నేను చేరిన రోజున ఈ రూలు చెప్పింది మీరేనండి” అంది, తల ఎత్తకుండానే.

ఫారం అబ్రహాం జేబులో కొల్లేరు వెళ్ళింది. లాప్‌టాప్ నా బల్ల మీద ఉండిపోయింది.

నాలుగో రోజున ఫారం ఒక్కటే రాలేదు, దాన్ని పట్టుకుని అబ్రహాం అక్కగారే వచ్చింది. ఎస్తేరు టీచరు గారు. మిషన్ స్కూల్లో చదువు చెప్పి రిటైరైన మనిషి, అరవై దాటిన వయసు. దళసరి కళ్ళద్దాలు, చేతిలో గొడుగు. తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్టు మెట్టుకీ కాలితో తడుముకుంటూ ఎక్కింది. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి ఫారం తీసింది. సంతకం గడి ఖాళీగా ఉంది.

“ఇంజనీరు గారెవరండీ?”

“నేనేనమ్మా.”

“ఈ కాయితం మా మరదలి చేత చదివించుకున్నానండి. ఇందులో ఉన్నదంతా పోతుందని రాశారు. నిజమేనా?”

“పోతుందమ్మా. కాని మిషను మళ్ళీ కొత్తదానిలా అవుతుంది.”

“కొత్తది నేనేం చేసుకుంటాను బాబూ” అని, అసలు సంగతి చెప్పింది.

వాళ్ళ చర్చిలో పాత బాప్తిస్మాల పుస్తకం ఒకటి ఉండేది. ఎవరు ఎప్పుడు పుట్టారో, తల్లిదండ్రులెవరో తాతల కాలం నుంచీ అందులో రాసేవారు. ఆ ఊళ్ళో పాతతరం వాళ్ళకు వేరే పుట్టినతేదీ కాగితాలేవీ లేవు. పింఛనుకైనా, ఉద్యోగానికైనా వయసు కావాలంటే ఆ పుస్తకమే దిక్కు. నిరుడు కాక అంతకు ముందు ఏడు వరద నీళ్ళు చర్చి బీరువాలోకి వచ్చేశాయి. సిరా కరిగిపోయింది. ఆరబెట్టిన కాగితాలు చేత్తో పట్టుకుంటే పొడిపొడి అయిపోతున్నాయి. టీచరు గారు ఒక్కో పేజీ విప్పుకుంటూ, కనబడినంత మేరకు చదివి, ఈ లాప్‌టాప్‌లో ఎక్కించింది. చెరిగిపోయినచోట ఇంటింటికీ వెళ్ళి అడిగి పూర్తిచేసింది. తొమ్మిది వందల పైచిలుకు పేర్లు అయ్యాయి. ఇళ్ళల్లో అడిగి పెద్ద అక్షరాలతో రాసిపెట్టుకున్నవి ఇంకో యాభై మిగిలాయి. ఈలోగా కళ్ళకు నీటికాసులని డాక్టరు తేల్చాడు. ఉన్న చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనన్నాడట.

“తుడిచేశాక మళ్ళీ టైపు కొడదామంటే ఆ పుస్తకం లేదు బాబూ. ఉన్నా చదవడానికి నాకు కళ్ళు లేవు” అంది.

లక్ష్మి ఆ సంతకం గురించి పట్టుబట్టకపోయి ఉంటే, నాలుగు రోజుల కిందటే ఆ ఊరి పుట్టుకలన్నీ నేను నా చేత్తో తుడిచేసి, ‘కాల్ క్లోజ్’ అని రాసి ఉండేవాణ్ణి. అబ్రహాం అక్క వైపు తిరిగాడు. “టైపు కొట్టుకుంటాదనుకున్నానే గానీ, ఇదనుకోలేదక్కా” అన్నాడు మెల్లగా.

అప్పుడు, రెండు నెలల్లో మొదటిసారి, అడగవలసిన ప్రశ్న అడిగాను. “ఇది ఎప్పుడెప్పుడు ఆగుతుందమ్మా?”

ఆవిడ నా దగ్గర పెన్ను తీసుకుని, ఫారం వెనక్కి తిప్పి, నల్లబల్ల మీద రాసినట్టు పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తూ చెప్పింది. “పొద్దున పదింటి వరకు ఆగదండి. మధ్యాహ్నం అయితే పావుగంటకు ఆగుతుంది. వాన పడిన రోజున అసలు ఆగదండి.”

“ఇంత వివరం ముందే చెప్పలేదేమమ్మా?”

“మీరు అడగలేదు కదండీ.”

మరి ఆవిడ తప్పేముంది? పొద్దున ఆగదు, వానలో ఆగదు, ఎండవేళ ఆగుతుంది. వేడి అని చెప్పడానికి ఇంజనీరే అక్కర్లేదు. ఏసీ గదిలో స్టాండు మీద పెట్టి, లోపం కనబడలేదని రాసిన నా తెలివికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. టైపు మిషన్ల కాలంలో నేనే ఆఫీసుకు వెళ్ళి, మిషను ఏ బల్ల మీద ఉంది, ఎవరి వేళ్ళు దాన్ని కొడుతున్నాయి అని చూసి గాని మూత విప్పేవాణ్ణి కాదు. యంత్రాలు నా దగ్గరికే రావడం మొదలయ్యాక ఆ అలవాటు పోయింది.

కాంట్రాక్టు లేని యంత్రాల కోసం మేం ఊళ్ళకు వెళ్ళకూడదు. మేనేజరును అడిగితే వద్దంటాడని అడగలేదు. సెలవు పెట్టి, లాప్‌టాప్, పనిముట్ల పెట్టె పట్టుకుని మర్నాడు ఉదయాన్నే బయల్దేరాను. కొంత దూరం బస్సు, ఆ తరువాత కాలవ దాటే పడవ. తొమ్మిదింటికల్లా ఊళ్ళో ఉన్నాను.

లాప్‌టాప్ ఎక్కడ పెట్టి వాడతారో అక్కడికే తీసుకెళ్ళమన్నాను. టీచరు గారు తన ఇంటికి కాక, అబ్రహాం మేత గోడౌనుకు దారితీసింది. ఛాతీ ఎత్తు అరుగు మీద కట్టిన గది, పైన సిమెంటు రేకులు. లోపల గోడల వెంబడి చేపల మేతకు తెచ్చిన తవుడు బస్తాలు. మధ్యలో ఒక స్టూలు, దాని ముందు పడుకోబెట్టిన ఒక బస్తా. ఆ బస్తాయే ఆవిడ బల్ల. మెత్తగా ఉంటుందని, మిషనుకు దెబ్బ తగలదని.

“ఇక్కడెందుకు పెట్టారమ్మా?”

“పుస్తకాన్ని నీళ్ళు తినేశాయి బాబూ. మొన్నటి వరదకి ఊరు మొత్తం మీద నీళ్ళెక్కనిది ఈ గదొక్కటే. అందుకే ఇక్కడ పెట్టాను.” తవుడు పడకుండా, నడుస్తున్నప్పుడు కూడా తెర, మీటలు వదిలి మిగతాదంతా చుట్టూ కుట్టుపని గుడ్డ కప్పి ఉంచుతుందట.

ముందుగా కాపీ తీశాను. తొమ్మిది వందల పేర్లు కలిపినా ఒక ఫ్లాపీలో సగం కూడా నిండలేదు. రెండు ఫ్లాపీలకు ఐదు నిమిషాలు పట్టింది. రెండు నెలలుగా నేను చెయ్యని పని అది.

తరువాత ఆవిడను ఎప్పటిలాగే టైపు చెయ్యమని, పక్కన నిలబడి చూశాను. ముఖం తెరకు ఆనించి ఒక పేరు కొడుతుంది, వెంటనే సేవ్ చేస్తుంది. మళ్ళీ ఒక పేరు, మళ్ళీ సేవ్. ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు కనుక అలా అలవాటు చేసుకుందట. పన్నెండు దాటాక, ఒక పేరు సగంలో ఉండగా తెర బిగుసుకుపోయింది. గుడ్డ తీసి కింద చెయ్యి పెట్టాను. దోసె పెనంలా ఉంది.

న్యూసుపేపరు పరిచి ముప్పై స్క్రూలూ విప్పాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది పాపం. కింది నుంచి గాలి లాగినప్పుడల్లా దాంతోపాటు తవుడు లాక్కుంది. ఆ తవుడు కొల్లేటి చెమ్మకు తడిసి, వేడికి ఎండి, రాగి రేకుల మధ్య పిడకలా గట్టిపడింది. మిగిలిన సందులను కింద బస్తా, పైన గుడ్డ మూసేశాయి. ఏలూరులో చల్లటి గదిలో, స్టాండు మీద అది ఎలాగో నెట్టుకొచ్చింది. ఇక్కడ ఊపిరాడలేదు. అబ్రహాం వంగి చూసి, “ఓరి నాయనోయ్, చేపల మేత దీనిక్కూడా పెట్టేశామండీ” అన్నాడు. టీచరు గారు కూడా నవ్వింది.

బ్రష్షుతో, సూదితో రేకులు శుభ్రం చేసి, ప్రాసెసరు వేడిని రేకులకు అందించే పేస్టు ఎండిపోయి ఉంటే మార్చాను. లాప్‌టాప్‌ను అక్కడి నుంచి మార్చమంటే ఆవిడ ఒప్పుకోలేదు, ఒప్పుకోమని నేనూ బలవంతపెట్టలేదు. బస్తాలు అవతలి గోడకు జరిపించి, చెక్క బల్ల వేయించి, యంత్రం నాలుగు మూలల కింద నాలుగు సోడా మూతలు పెట్టాను. నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పవద్దని చెప్పాను. ఆ మధ్యాహ్నం మూడు గంటలసేపు అది ఆగకుండా నడిచింది. సాయంత్రం పడవకు నేను బయల్దేరేటప్పటికి ఆవిడ ఎనిమిది పేర్లు ఎక్కించింది.

మిగిలినవి జూన్ నెలాఖరుకు పూర్తయ్యాయి. అబ్రహాం ఫ్లాపీ తెస్తే మా సెంటరులోనే అచ్చు తీసి, రెండు పుస్తకాలుగా కుట్టించాం. అందులో పేర్లన్నీ టీచరు గారు కొట్టినవే గాని, అచ్చులో ఆవిడ చదువుకోలేకపోయిందని, మరదలు చదువుతుంటే విన్నదని అబ్రహాం చెప్పాడు. విని రెండు తప్పులు కూడా పట్టుకుందట.

ఆ తరువాత కాల్ షీటులో నాలుగో గడి కావాలని మేనేజరుకు రాశాను: యంత్రం ఎక్కడ ఉంటుంది, ఎప్పుడు ఆగుతుంది. జవాబు రాలేదు. లక్ష్మి స్కేలు పెట్టి ప్రతి షీటు మీదా తనే ఆ గడి గీసేది. నేను రిటైరయ్యే దాకా గీస్తూనే ఉంది. ఆ గడి నిండే వరకు నేను స్క్రూడ్రైవరు ముట్టుకునేవాణ్ణి కాదు, కాపీ తీయకుండా ఏ డిస్కు జోలికీ వెళ్ళేవాణ్ణి కాదు. ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్న పని ఇంతే.

రిటైరైనప్పుడు నా కాల్ షీట్లన్నీ చిత్తుకాగితాల్లో వేసేశారు. అన్నిటి మీదా సంతకాలున్నాయి. ఆ ఫార్మాట్ ఫారం ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. వెనక వైపు పెద్ద అక్షరాలతో ‘వాన రోజున ఆగదు’ అని ఉంది. ముందు వైపు సంతకం గడి ఖాళీగానే ఉంది.