యాకుత్‌పురా నామధేయస్య

ఆ రోజుల్లో కొత్తగా కంప్యూటర్ నేర్చుకున్నవాడికి లోకంలోని ప్రతి కష్టమూ ఒక ప్రోగ్రాం రాస్తే తీరిపోయేదిగానే కనబడేది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చిన్న ఆఫీసులో చేరి, సి భాషలో వాక్యాన్ని ఎలా అచ్చు వేయించాలో నేర్చుకున్నాను. ముందు ఖాళీలతో వాక్యం రాయాలి. ప్రతి ఖాళీకీ శాతం గుర్తు, పక్కన ఎస్ అక్షరం. ఆ తర్వాత ఆ ఖాళీల్లోకి వెళ్ళే మాటల్ని అదే వరుసలో ఇవ్వాలి. ఇది వినగానే నాకు మా నాన్న, బాపు గుర్తొచ్చారు. పాతబస్తీలో ఒక చిన్న గుడిలో అర్చకులు ఆయన. సంకల్పం వాక్యం అందరికీ ఒకటే, గోత్రం, నక్షత్రం, పేరు మాత్రం మారతాయి.

ఆ నెలలో బాపు రెండుసార్లు ఒకరి పేరుతో మరొకరికి అర్చన చేశారు. పంతులుకు యాది తప్పుతున్నది, కొత్తాయనను చూడాలె అని గుడి కమిటీ పెద్దాయన అన్నట్టు మా ఇంటిదాకా మాట వచ్చింది. బాపు తిండి తగ్గించారు. (నా డైరీలో ఉంది: ‘బాపు, రెండు ముద్దలు.’) నేను నడుం కట్టాను.

గుడిలో అర్చన చేయించుకునే ఇరవై ఎనిమిది మంది వివరాలు ఎక్కించాను. నాలుగు ఖాళీలు: గోత్రం, నక్షత్రం, పేరు, మనిషిని గుర్తుపట్టడానికి చివర పేట. తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు వేశాను. రాశి సుత ఉంటే మంచిగుంటది కదా అన్నారు బాపు. సరేనని వాక్యంలో పేరుకు ముందు ఐదో ఖాళీ పెట్టాను. అందులోకి వెళ్ళే రాశిని ఇవ్వడం మరిచిపోయాను. యంత్రం నోరు మెదపలేదు. నేను మాత్రం పేర్లు ఇరవై ఎనిమిదీ ఉన్నాయా లేదా అని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను. ఒక్క వరుసైనా చదివి చూసుకోలేదు.

మర్నాడు పొద్దున గుడి నిండా జనం, ముందు కమిటీ పెద్దాయన. బాపు కాగితాన్ని ముక్కుకు ఆనించుకొని, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివారు. బెల్లం దుకాణం సేటు పేరు రాశి స్థానంలోకి జరిగింది, పేరు స్థానంలో పేట వచ్చి కూర్చుంది. “కార్వాన్ నామధేయస్య” అన్నారు బాపు. సేటు వెనక్కి తిరిగి చూశాడు. ఆ తర్వాతివాడు మా పక్కింటి టైలరన్న; మా పేట యాకుత్‌పురాలో రైల్వే స్టేషన్ ఒకటి ఉంది. “యాకుత్‌పురా నామధేయస్య” అని వినబడగానే చేతులు జోడించుకునే అన్నాడు:

“అయితే నేను టేషన్ అయిన. రైలెక్కేటోళ్ళు రాండ్రి.”

గుడంతా నవ్వు. పెద్దాయన మాత్రం నవ్వలేదు. నేను స్తంభం వెనక్కి జరిగాను.

బాపు కాగితాన్ని మడిచి పళ్ళెం కింద పెట్టారు. గడప దాటి జనంలోకి వచ్చి, ఒక్కొక్కరి ముందు జానెడు దూరంలో నిలబడి, మొహంలోకి చూస్తూ గోత్రం నుంచి పేరుదాకా చెప్పారు. ఇరవై ఎనిమిది మందికీ ఒక్కటి తప్పలేదు. పెద్దాయన వంతు వచ్చేసరికి ఆయనే మెల్లగా అడిగాడు.

“పంతులూ, గంత దగ్గరికొచ్చి చూస్తున్నవేంది?”

“దూరం నుంచి మొకాలు కనబడ్తలేవు సాబ్. మొకం కనబడితే పేరు అదే వస్తది.”

యాది కాదు, కళ్ళు. పొర కమ్ముకొచ్చిందని వారం తిరగకుండా తెలిసింది. ఆపరేషన్‌కు పెద్దాయనే వెంట వచ్చాడు. కొత్తాయన మాట మళ్ళీ ఎత్తలేదు.

మొన్న మనవరాలు కొత్త భాష ఒకటి చూపించింది. అందులో ప్రతి ఖాళీకీ ఒక పేరు పెట్టుకోవచ్చట. “వరుస ఫికర్ లేదు తాతా, ఎవరి జాగకు వాళ్ళే పోతరు” అంది. బాపు పద్ధతే కదా అనుకొని ఆనాటి డైరీ తీశాను. చక్కటి దస్తూరీలో ఒకటే ముక్క: ‘ఖాళీలు ఐదు, ఇచ్చినవి నాలుగు. ఇకపై సరిచూడవలెను.’ బాపు కళ్ళ గురించి ఒక్క మాట లేదు. ఇంట్లో రోజూ ఎదురుగా కూర్చొని ముద్దలు లెక్కపెట్టిన ఆ కుర్రవాణ్ణి చూసి నవ్వొచ్చింది. కళ్ళజోడు సవరించుకొని, కింద పెన్సిల్‌తో ఆ ఐదోది రాశాను: ‘బాపు కళ్ళు.’