బాప్తిస్మం నాటి మూడో పిలుపు

మూడేళ్ళ కిందట, ఈస్టర్‌కు ముందు, మా పాలెం చర్చిలో బాప్తిస్మం క్లాసు నడుస్తోంది. చిట్టమూరు దాటి సముద్రం వైపు వస్తే చివరి ఊరు మాది. నేను చదివింది ఐదో తరగతే. పాఠాలన్నీ నోటికి వచ్చు కాబట్టి ఇరవై ఏళ్ళుగా సండే స్కూల్ చెబుతున్నాను. పిల్లలు క్యాటకిజం, అంటే విశ్వాసం గురించిన ప్రశ్నలూ జవాబులూ, అప్పజెప్పాక వాళ్ళను సముద్రంలో ముంచి బాప్తిస్మం ఇస్తారు.

ఆ ఏడు క్లాసులో ఉన్న ఎస్తేరుకు పదిహేనేళ్ళు. అంతకు ముందు సంవత్సరం వేటకు పోయిన వాళ్ళ నాన్న తిరిగి రాలేదు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటినుంచి ఆ పిల్ల ఒడ్డున నిలబడుతుందే గాని పాదం తడవనివ్వదు.

"చనిపోయినవారు మనలను పిలుస్తారా?" అని ఓ రోజు క్లాసులో పుస్తకంలోని ప్రశ్న ఎస్తేరును అడిగాను.

"పిలవరు" అని జవాబంతా గడగడా అప్పజెప్పి, "మా నాన్న పిలస్తా ఉండాడు గదా టీచరత్తా, పొద్దన్నే" అంది.

పక్కనున్న సలోమి నవ్వింది. "చేపలేమన్నా పంపిచ్చినాడా మే?"

"లేదు. నీకు ఈత వచ్చునా అని అడిగినాడు."

ఇంకెవరూ నవ్వలేదు. పాఠంలో ఉన్నట్టే, "అది సాతాను గొంతు మే, పలకబాకు" అన్నాను. ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

మా పాలెంలో ఒక అలవాటుంది. నీళ్ళ వైపు నుంచి పేరు వినబడితే రెండు పిలుపులకు పలకరు. మూడోసారీ పిలిస్తేనే మనిషని నమ్మకం. అది మూఢనమ్మకమని క్లాసులో చెప్పేది నేనే.

బాప్తిస్మం రోజు తెల్లవారింది. గాలి లేదు, అల లేదు. నాయుడుపేట నుంచి వచ్చిన పాస్టరయ్యగారు నడుము లోతు నీళ్ళలో నిలబడి, "ఎస్తేరూ, రామ్మా" అన్నారు. ఎస్తేరు కదల్లేదు. ఆయన మళ్ళీ పిలిచారు, "ఎస్తేరూ!" ఆ పిల్ల ఆయన్ని దాటి దూరంగా చూస్తోంది.

"విశ్వాసం కుదరలేదు. వచ్చే ఏడు చూద్దాం" అని ఆయన మిగతా పిల్లల వైపు తిరిగారు.

వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఇప్పుడు దిగకపోతే ఇంక ఎప్పుడూ దిగదు."

ఎందుకు ఆగిందో నాకు తెలుసు. మూఢనమ్మకమని నేనే నేర్పిన సంగతి అందరి ముందూ ఎలా చెప్పను? మూడోసారి నేనే పిలుద్దామని నోరు తెరిచాను. పేరు ఇంకా బయటికి రానేలేదు.

"వస్తా ఉండా" అంటూ ఎస్తేరు నీళ్ళలోకి నడిచింది.

బాప్తిస్మం అయి ఒడ్డుకొచ్చాక ఆ పిల్ల తల తుడుస్తూ అడిగాను, "ఎందుకు మే అంతసేపు నిలబడినావు?"

"మూడోసారి పిలిచిందాకా ఆగినా."

"అయ్యగారు రెండుసార్లే పిలిచినాడు గదా."

"తెలుసు అత్తా" అని జుట్టు పిండుకుంది.

ఆ రోజే అయ్యగారికి మా అలవాటు సంగతి చెప్పాను. ఆయన విని, "ఇకమీదట రెండుసార్లు నేను పిలుస్తాను, మూడోసారి నువ్వు పిలువు" అన్నారు.

ఇప్పటికీ క్లాసులో ఆ ప్రశ్న అడుగుతాను. జవాబు పుస్తకంలో ఉన్నట్టే చెప్పిస్తాను, అది నా పని. ఏ పిల్లయినా తాను విన్నది చెబితే మాత్రం అది ఫలానా వాళ్ళ గొంతని తేల్చను, కూర్చుని వింటాను. బాప్తిస్మం రోజున అయ్యగారు రెండోసారి పిలిచీ పిలవగానే, ఒడ్డు నుంచి గట్టిగా పిలుస్తాను. మధ్యలో ఇంకెవరికీ సందివ్వను.