బీఎస్సీ అంటే నర్సింగేనా?

మొన్న ఖమ్మంలో ఒక పెళ్లి విందులో చేతులు కడుక్కొని వస్తుంటే, ఒక ముసలావిడ నా దారికి అడ్డంగా కుర్చీ లాక్కొని కూర్చుంది. చెంగు పక్కకు జరిపి, జాకెట్టు చేయి పైకి తోసి, బారెడు చేయి నా ముందుకు చాపి, "జర బీపీ చూడు సిస్టర్. పొద్దుగాల సంది తల తిరుగుతాంది" అంది. నేను భద్రాచలంలో జూనియర్ కాలేజీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పుకుని బతుకుతున్న మనిషిని. నా సంచిలో ఉన్నవల్లా నీళ్ల సీసా, ఫోను ఛార్జరు. ఆ మాటే చెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు ఖానాపురం హవేలి పిల్లవు గాదూ? మీ అమ్మ నిన్ను బీఎస్సీ చదివిచ్చె గద?" అంది. అవునన్నాను. "మరి?" అంది. ఆవిడ కొడుకును వెతికి పట్టుకుని, దవాఖానాకు తీసుకెళ్లమని చెప్పి బయటపడ్డాను. ఆటోలో కూర్చున్నాక నవ్వొచ్చింది. ఆ నవ్వుతో పాటే బీఎస్సీ చదివే రోజుల్లో ఊపిరాడక నేను పడ్డ అవస్థ కూడా గుర్తొచ్చింది.

మా అమ్మ నన్ను డాక్టరును చేయాలనుకుంది. అది ఆవిడ ఒక్కదాని కోరికగా ఉండి ఉంటే ఏ గొడవా ఉండకపోను. దాన్ని తీసుకెళ్లి మా చర్చి సంఘం మొత్తానికి అప్పజెప్పింది. ప్రతి ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు అడిగేటప్పుడు, ఒకరు మోకాళ్ల నొప్పులని, ఒకరు ఇల్లు అమ్ముడు పోవాలని చెబితే, మా అమ్మ లేచి "మా బిడ్డకు మెడికల్ సీటు" అనేది. పాపం, శుక్రవారాలు నాకోసం ఉపవాసం ఉన్న ముసలమ్మలు కూడా ఉన్నారు. ఇంటర్ అయ్యాక ఒకసారి, లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని ఇంకోసారి ఎంసెట్ రాశాను. రెండుసార్లూ నా ర్యాంకు మెడికల్ కాలేజీ గేటు దాకా కూడా పోలేదు. నా కోసం పస్తులున్న వాళ్లను చూస్తే నాకు అన్నం సయించేది కాదు. చివరికి ఖమ్మంలోనే బీఎస్సీలో చేరాను. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం కలిపి బీజడ్‌సీ అంటారు. డాక్టరు సీటు రాని వాళ్లందరం అక్కడే తేలేవాళ్లం కాబట్టి, బీజడ్‌సీ అంటే 'బతుకు జారిన చదువు' అని మాకు మేమే పేరు పెట్టుకున్నాం. ఎవరో వెక్కిరించే లోపు మనమే వెక్కిరించుకుంటే కొంచెం తేలిక.

అసలు తంటా చర్చి ఆడవాళ్లు ప్రార్థనకు చేరే స్త్రీల కూడికలో వచ్చింది. ఒకావిడ మా అమ్మను "బిడ్డ ఏం చదువుతాంది అక్కా?" అని అడిగింది. అమ్మ "బీఎస్సీ" అంది. మా సంఘంలో ఇంటికొక నర్సు ఉండేది. కొందరి ఇళ్లలో ఇద్దరు. బైపీసీ చదివిన ఆడపిల్ల బీఎస్సీలో చేరిందంటే నర్సింగ్ కాక ఇంకేముంటుందని వాళ్ల లెక్క. "నర్సింగా?" అని అడిగింది ఆవిడ సంతోషంగా. అక్కడ మా అమ్మ "కాదు" అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ రెండేళ్లు వీళ్లందరితో మోకాళ్ల మీద ప్రార్థన చేయించి, ఇప్పుడు మా బిడ్డ బొద్దింకలు కోస్తోందని ఏ నోటితో చెబుతుంది? "దేవుని కృప అక్కా" అంది. అవునని కాదు, కాదని కాదు. అడిగినావిడ "స్తోత్రం" అంది. అంతే, నేను నర్సునైపోయాను.

దానికి తోడు నా తెల్ల ఏప్రన్ ఒకటి. ల్యాబులో వేసుకునే ఆ కోటును అమ్మ నీలిమందు పెట్టి ఉతికి, పెరట్లో దండెం ఉండగా, తీసుకెళ్లి వీధి వైపు గోడ మీద ఆరేసేది. షేర్ ఆటోలో అది చేతి మీద వేసుకుని కూర్చుంటే మగవాళ్లు లేచి చోటిచ్చేవాళ్లు. అందరూ సిస్టర్ అని పిలిచేవాళ్లు. చర్చిలో ఆడవాళ్లందరూ సిస్టర్లే, దవాఖానాలో నర్సులూ సిస్టర్లే. కాబట్టి ఎవరు నన్ను ఏ లెక్కన పిలుస్తున్నారో కనిపెట్టే దారి లేదు. ఎవరైనా సూది మందు పట్టుకుని ఇంటికొస్తే అమ్మ గడపలోనే ఆపి, "ఫైనలియర్ కానీయండ్రి అక్కా, అప్పటిదాంక చెయ్యి పెట్టొద్దంట" అనేది. మా నాన్న మార్కెట్ యార్డులో గుమాస్తా. మిరపకాయల ఘాటు చొక్కాకు పట్టించుకుని ఇంటికొచ్చేవాడు, ఆయన వెనకాలే మా తుమ్ములు మొదలయ్యేవి. ఎవరైనా ఆయనను నా చదువు సంగతి అడిగితే, తానూ ఒక తుమ్ము తుమ్మి, దాన్ని అడ్డం పెట్టుకుని లోపలికి జారుకునేవాడు.

అలా మొదటేడు గడిచింది, రెండో ఏడు గడిచింది. ఫైనలియర్ రానే వచ్చింది. చిత్రమేమిటంటే, ఇష్టం లేకుండా చేరిన ఆ చదువు మీద నాకు మనసు పడింది ఆ ఏడాదే. జంతుశాస్త్రం మేడమ్ పొదిగేసిన గుడ్డును గోరువెచ్చని ఉప్పునీళ్లలో మెల్లగా పగలగొట్టి చూపించారు. పచ్చసొన మీద ఎర్రటి దారాలు, వాటి నడుమ ఆవగింజంత గుండె కొట్టుకుంటోంది. క్లాసులో ఎప్పుడూ నోరు మూతపడని వాళ్లు కూడా ఊపిరి బిగబట్టి చూశారు. వంశపారంపర్యం లెక్కలు చేస్తుంటే మా ఇంట్లో అందరి ముక్కులూ, చెవులూ నాకు లెక్కల్లా కనిపించేవి. వృక్షశాస్త్రం సార్ నన్ను పిలిచి, "పీజీ ఎంట్రన్స్ రాయమ్మా. నీకు చూసే కన్ను ఉంది" అన్నారు. నా జన్మలో నన్ను ఒక చదువులో పనికొస్తావని అన్నది ఆయనే. ఆ మాట ఇంటికి మోసుకెళ్లాను గానీ, దించడానికి చోటు దొరకలేదు. ఇంట్లో ఎవరికీ నేను చదివేదాంట్లో ఏముంటుందో తెలియదు. తెలుసుకుంటే చెప్పాల్సి వస్తుందని అమ్మ అడగలేదు. చదువు ముగింపుకొస్తున్న కొద్దీ, 'ఫైనలియర్ కానీయండ్రి' అన్న మా అడ్డుగోడ రోజురోజుకూ కరిగిపోతోంది. తోటి పిల్లలు ఎప్పుడెప్పుడు పరీక్షలైపోతాయా అని చూస్తుంటే, నేను అవి రాకూడదని కోరుకున్నాను.

చలికాలంలో సార్ మమ్మల్ని భద్రాచలం అవతల అడవికి తీసుకెళ్లారు. నేల మీద నాలుగు మేకులు పాతి, పురికొస కట్టి, ఆ చదరంలో ఎన్ని రకాల మొక్కలున్నాయో లెక్కపెట్టాలి. అడవిలో తప్పిపోకుండా కనబడాలని అందరినీ ఏప్రన్లు వేసుకోమన్నారు. మేం వ్యాను దిగి ఊరి పక్క మేకులు పాతుతున్నామో లేదో, గూడెం గూడెమంతా వచ్చి వరసగా నిలబడింది. అన్ని తెల్ల కోట్లు ఒక్కసారి కనిపిస్తే వాళ్లు మాత్రం మెడికల్ క్యాంపు అనుకోక ఏమనుకుంటారు? మా వాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక తల్లి తన వాళ్లతో కోయ భాషలో ఏదో అంటూ ముందుకొచ్చి, అందరికంటే దగ్గరగా ఉన్న నన్ను చూసి, "డాక్టరమ్మా, పిల్లకు జరం" అని పాపను నా చేతుల్లో పెట్టేసింది. పాప ఒళ్లు కాలిపోతోంది. కళ్లు సగం మూతలు పడుతున్నాయి. నా జేబులో పట్టకారు, ప్లాస్టిక్ కవర్లు ఉన్నాయి. "నేను డాక్టర్ను కాదమ్మా" అన్నాను. ఆవిడ నా కోటు వంక చూసింది, నా మొహం వంక చూసింది. నేనేదో ఇవ్వనని మొండికేస్తున్నానని అనుకుందేమో, దండం పెట్టింది. సార్ పరుగున వచ్చి తల్లినీ బిడ్డనూ వ్యాన్లో ఎక్కించి భద్రాచలం దవాఖానాకు పంపించారు. మలేరియా అన్నారట. పాప బతికిందని సార్ తర్వాత కనుక్కుని చెప్పారు. వ్యాను మళ్లీ వచ్చేదాకా నేను ఏప్రన్ విప్పి, ఉండ చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అంత సిగ్గు ఎంసెట్ పోయినప్పుడు కూడా వేయలేదు.

ఆ తర్వాత వచ్చిన ఒక ఆదివారమే సంఘ పెద్ద మైకు ముందుకొచ్చి ఒక సంగతి ప్రకటించాడు. అడవి ఊళ్లలో సంఘం నడిపే చిన్న డిస్పెన్సరీలో నర్సు వెళ్లిపోయింది. "మన సిస్టర్ గారి బిడ్డ సదువు ఈ ఎండకాలం అయిపోతాంది. పరీక్షలైన తెల్లారే పంపిస్తే అక్కడి జనం బతుకుతరు. దేవుడే ఈ దారి తెరిసిండు" అన్నాడు. చర్చంతా చప్పట్లు. కొందరు వెనక్కి తిరిగి మరీ నన్ను చూశారు. అమ్మ ఒళ్లోని బైబిలు మీదికి తల వంచేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో నాకు ఆ బెంచీ మీద తెలిసింది. వెళ్లనంటే సేవకు వెనకాడిందంటారు. వెళ్తానంటే ఎవరి ప్రాణానికో నేను జవాబుదారీ. పీజీ ఎంట్రన్స్ సంగతి ఆలోచించడానికే సిగ్గనిపించింది.

ఇంటికొచ్చాక నేను అడవిలో జరిగింది మొత్తం చెప్పాను. "అమ్మా, నేను అక్కడికి పోతే ఎవరో ఒకరు చచ్చిపోతరు" అన్నాను. "ఇప్పుడు ఏ మొకం పెట్టుకొని చెప్పాలె బిడ్డా?" అంది అమ్మ. నాన్న ఆ రోజు తుమ్మకుండానే మాట్లాడాడు. "ఉన్న మొకమే పెట్టుకొని చెప్పు. ఇంకోటి యాడికెల్లి తెస్తవ్?" అన్నాడు. అమ్మ లేచి లోపలికెళ్లి తలుపు వేసుకుంది. వారమంతా తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. నేను పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని, ఒక్క అక్షరం తలకెక్కేది కాదు. అమ్మ మీద కోపం, అమ్మ మీద జాలి, రెండూ ఒకదాన్నొకటి కదలనిచ్చేవి కావు.

మళ్లీ ఆదివారం, దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ అమ్మ లేచింది. డిస్పెన్సరీ గురించి కృతజ్ఞత చెబుతుందని సంఘ పెద్ద నవ్వుతూ మైకు అందించాడు. "అందరికి వందనాలు" అని మొదలుపెట్టింది అమ్మ. "నా బిడ్డది నర్సు సదువు కాదు. చెట్ల సదువు, పురుగుల సదువు. మీరు నర్సింగా అని అడిగిన్రు. నేను దేవుని కృప అన్న. అవ్ అనలే, కాదనలే. దేవుని పేరు అడ్డం పెట్టుకొని నా పరువు దాసుకున్న. డిస్పెన్సరీకి ఇంకో పిల్లను సూడుండ్రి. ఆ అడవి పిల్లల పానం కంటె నా పరువు పెద్దది గాదు." ముందు వరసలో చెవులు వినపడని ఒక ముసలమ్మ, "ఏమంటాంది? ఏమంటాంది?" అని పక్కావిడను గుంజింది. పక్కావిడ ఆమె చెవిలో చర్చంతా వినపడేలా, "నర్సు కాదంట!" అని అరిచింది. ముసలమ్మ మొహం వెలిగిపోయింది. "మరి డాక్టరా?" అంది. అందరూ గొల్లున నవ్వారు. అమ్మ నవ్వలేదు. మైకు సంఘ పెద్ద చేతిలో పెట్టి, వచ్చి తన చోట్లో కూర్చుంది.

ఆ నవ్వుతో అంతా తేలిపోయిందని చెప్పను. స్త్రీల కూడికలో పాటలు ఎత్తుకునే పని అమ్మ దగ్గర నుంచి మెల్లగా జారిపోయింది. సంఘ పెద్ద గారి భార్య చాలాకాలం అమ్మకు వందనం చెప్పలేదు. డిస్పెన్సరీకి ఎక్కడి నుంచో నిజమైన నర్సు వచ్చింది. నేను ఎంట్రన్స్ రాశాను, సీటొచ్చింది, అడవి మొక్కలే నాకు బువ్వ పెట్టాయి. అమ్మ మాత్రం ఆ ఒక్క పూట చెల్లించిన దాన్ని చాలా ఏళ్లు చెల్లిస్తూనే ఉంది. నాకు దొరికిన గాలి ఆవిడ ఊపిరిలో నుంచి తీసిందేనని నాకు తెలుసు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంటికొచ్చి, చర్చి చీర కూడా మార్చుకోకుండా, అమ్మ వంటింట్లో కోడికూరకు ఉల్లిగడ్డలు ముందేసుకుని కూర్చుంది. నేను గడపలో నిలబడ్డాను. తలెత్తకుండానే, "అయితే ఏంది నీ సదువు? ఏం జూస్తరు అండ్ల?" అంది. ఆవిడ చేతిలో ఉన్నది ఉల్లిగడ్డే కాబట్టి దానితోనే మొదలుపెట్టాను. దాని అడుగు నీళ్లకు తగిలేలా గ్లాసు మీద పెడితే వేళ్లు వస్తాయని, ఆ వేరు కొస తుంచి రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఒక కణం రెండుగా విడిపోతున్న తీరు కనిపిస్తుందని, మనం పెరిగేదీ గాయం మానేదీ అట్లాగేనని చెప్పాను. అమ్మ కత్తి పక్కన పెట్టింది. "ఉల్లిగడ్డలోనా? నేను ఇన్నేండ్ల సంది కోస్తున్న గద, నాకు కనపడలేదేంది?" అంది. నేను నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. అమ్మ పక్కన పీట జరిపి, "కూసో. మొదటి సంది చెప్పు" అంది. డిగ్రీ చదవడానికి మూడేళ్లు పడుతుందని అందరికీ తెలుసు. అది ఏం చదువని అడగడానికి మా అమ్మకూ అంతే కాలం పట్టింది.